కుక్కను పెంచేవారు కొనే వస్తువులు: పొరుగువారి వైపు నుంచి ఒక సమీక్ష

మా మల్లికి ఇప్పుడు ఐదేళ్లు. రెండేళ్ల వయసులో, 24 కిలోల బరువుతో, అంతకుముందు ఎక్కడ ఎలా పెరిగిందో తెలియని స్థితిలో మా ఇంటికి వచ్చింది. ఈ మూడేళ్లలో దానికోసం కొన్న వస్తువులు చాలానే ఉన్నాయి. కొనేముందు చదివిన సమీక్షలు దాదాపు అన్నీ కుక్కకు హాయిగా ఉందా, పెంచేవారికి వీలుగా ఉందా అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోయాయి. ఆ వస్తువు వల్ల మెట్ల మీద ఎదురయ్యే మనిషికి, గోడ అవతల నిద్రపోయే మనిషికి, మన వెనకే అదే దారిన చెప్పులు లేకుండా నడిచే పిల్లలకు ఏమవుతుందో ఎవరూ రాయలేదు. అందుకే నేను వాడిన వాటిని ఆ మూడో మనిషి వైపు నుంచి తూచి ఇక్కడ రాస్తున్నాను. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పే గుణదోషాలు ఒక తయారీదారువి కావు, ఆ రకం వస్తువుకే చెందినవి.

ముందుగా లీష్, అంటే కుక్కను నడిపించే తాడు సంగతి. మల్లి వచ్చిన మొదటి వారంలో నేను కొన్నది పిడిలో చుట్టుకుని ఉండి కుక్క నడిచేకొద్దీ సాగే రకం. పిడిలో స్ప్రింగు, బొటనవేలి దగ్గర ఆపే మీట, ఐదు మీటర్ల సన్నని తాడు. కుక్కకు స్వేచ్ఛ, మనకు చేతినొప్పి లేకపోవడం అనే రెండు మాటలు పెట్టె మీద రాసి ఉన్నాయి, రెండూ కొంతవరకు నిజమే. అయితే నెల తిరగకముందే ఒక సాయంత్రం మెట్ల మలుపు దగ్గర మల్లి నాకన్నా ముందుగా మలుపు తిరిగిపోయింది. అవతల ఆరేళ్ల పిల్లవాడు ఒక్కడే పైకి వస్తున్నాడు. నేను మలుపు దాటి చూసేసరికి అది వాడి చేతులు వాసన చూస్తోంది. వాడు గోడకు అంటుకుపోయి, ఏడవడానికి కూడా భయపడి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. "భయపడకు నాన్నా, అది ఏమీ చేయదు" అన్నాను. ఆ మాట నాకు నేను చెప్పుకున్న ధైర్యమే గాని ఆ పిల్లవాడికి పనికివచ్చింది కాదు. తరవాత చాలా నెలలు వాడు వాళ్ల అమ్మ చెయ్యి పట్టుకోకుండా ఆ మెట్లు ఎక్కలేదు.

ఆ రోజు మీట నొక్కడం ఆలస్యమైందని నన్ను నేను తిట్టుకున్నాను గాని, తరవాత ఆలోచిస్తే ఆ వస్తువు పనిచేసే తీరులోనే లోపం ఉందని అర్థమైంది. స్ప్రింగు వల్ల తాడు ఎప్పుడూ కొద్దిగా బిగువుగానే ఉంటుంది, లాగితే దారి దొరుకుతుంది. అంటే ప్రతి అడుగులోనూ కుక్కకు "లాగు, ఇంకా దొరుకుతుంది" అని మనమే నేర్పుతున్నట్టు. ఐదు మీటర్లు పరుగెత్తి వేగం అందుకున్న కుక్కను ఒక్కసారిగా ఆపితే ఆ కుదుపు దాని మెడ మీద, మన భుజం మీద పడుతుంది. సన్నని తాడు చేతికో కాలికో చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది, వేళ్లు తెగిన సంఘటనలు కూడా ఉన్నాయి. దారిన పోయే సైకిలుకు, పసిపిల్లల తోపుడుబండికి ఆ తాడు కనిపించదు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది పిడి చెయ్యి జారినప్పుడు జరిగేది. స్ప్రింగు ఆ బరువైన పిడిని నేలమీద టకటకలాడిస్తూ కుక్క వైపు లాగుతుంది. వెనక ఏదో తరుముకొస్తోందని బెదిరిన కుక్క ఎటు పరుగెడుతుందో ఎవరికీ తెలియదు. విశాలమైన ఖాళీ మైదానంలో, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు దీన్ని వాడుకోవచ్చేమో. మెట్లు, లిఫ్టులు, ఇరుకు దారులు, పిల్లలు ఆడుకునే చోట్లు ఉన్న నివాసాలలో మాత్రం ఇది పనికిరాదని నా నిశ్చితాభిప్రాయం.

దాని స్థానంలో కొన్నది సాదా నైలాన్ పట్టీ: ఒకటిన్నర మీటరు పొడవు, రెండు సెంటీమీటర్ల వెడల్పు, ఒక చివర చేతికి తొడుక్కునే ఉచ్చు, రెండో చివర లోహపు కొక్కెం. వీటిలో ఒక రకానికి కొక్కేనికి జానెడు దూరంలో ఇంకో చిన్న పిడి కుట్టి ఉంటుంది. నేను గట్టిగా సిఫారసు చేసేది దాన్నే. లిఫ్టు తలుపు తెరుచుకునేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, ఎదురుగా ఎవరైనా వస్తున్నప్పుడు ఆ చిన్న పిడి పట్టుకుంటే కుక్క మన మోకాలిని దాటి పోలేదు. ఎదుటివారికి కూడా అది కంటికి కనిపిస్తుంది. కుక్క అదుపులో ఉందని వారికి తెలియడం వేరు, మనం చెబితే నమ్మాల్సి రావడం వేరు. మూడేళ్లలో పట్టీ చెక్కుచెదరలేదు గాని కొక్కెంలోని స్ప్రింగు ఒకసారి బలహీనపడింది. కాబట్టి వారానికొకసారి కొక్కేన్ని వేలితో తెరిచి, అది పూర్తిగా మూసుకుంటోందో లేదో చూసుకోవాలి. లాగే అలవాటు బాగా ముదిరిన కుక్కలకు మెడపట్టీకి బదులు రొమ్ము దగ్గర కడియం ఉన్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీల జత) మేలు చేస్తుంది. లాగినప్పుడు దాని బలం ముందుకు పోకుండా ఒంటిని పక్కకు తిప్పుతుంది, గొంతు మీద ఒత్తిడి ఉండదు. చప్పిడి ముక్కు జాతులకు ఎలాగూ మెడపట్టీ కన్నా ఇదే క్షేమం. ముందుకాళ్ల చంకల్లో ఒరుసుకుపోకుండా, రెండు వేళ్లు దూరేంత వదులుగా సరిచేసుకుంటే చాలు.

ఇక మలం ఎత్తే సంచుల గురించి నేను కొంచెం ఎక్కువే రాస్తాను. ఇరుగుపొరుగుతో మాటా మాటా పెరిగేది ఎక్కువగా ఇక్కడే. పైగా అది చూడ్డానికి అసహ్యంగా ఉండటం ఒక్కటే ఇక్కడ సమస్య కాదు. కుక్కల పేగుల్లో ఉండే ఏలికపాములు, ముఖ్యంగా టాక్సోకారా కానిస్ అనే రకం, రోజుకు వేలాది గుడ్లు పెడతాయి. అవి మలంతో పాటు బయటికి వస్తాయి. బయటపడిన వెంటనే ఆ గుడ్లు మనిషికి సోకవు. మట్టిలో సుమారు రెండు నుంచి నాలుగు వారాలు గడిచి లోపల పిల్లపురుగు ఎదిగిన తరవాతనే సోకే శక్తి వస్తుంది. ఆపైన నెలల తరబడి, అనుకూలిస్తే ఏళ్ల తరబడి ఆ మట్టిలోనే బతికి ఉంటాయి. మలం ఎండి, చెదిరి, వానకు కొట్టుకుపోయి కంటికి కనిపించకుండా పోయిన తరవాతే ఆ చోటు నిజంగా ప్రమాదకరమవుతుంది. మట్టిలో ఆడి, చేతులు నోట్లో పెట్టుకునే చిన్నపిల్లలకు ఆ గుడ్లు చేరితే పురుగు పిల్లలు శరీరంలో తిరిగి కాలేయాన్నీ ఊపిరితిత్తుల్నీ, అరుదుగా కంటినీ దెబ్బతీస్తాయి. కొంకిపురుగుల పిల్లలైతే వట్టి కాళ్ల చర్మం గుండానే లోపలికి వెళ్లి, దురదతో కూడిన వంకర ఎర్రగీతలు మిగులుస్తాయి. "కాసేపటికి ఎండిపోతుందిలే", "మట్టికి ఎరువే కదా" అనే మాటలు అందుకే తప్పు. అప్పటికప్పుడు ఎత్తేస్తే గుడ్లు సోకే దశకు రాకముందే ఆ చోటు నుంచి పోతాయి. దానితోపాటు పశువైద్యుడు చెప్పిన లెక్కన నట్టల మందు తప్పకుండా వేయించడం కూడా ఈ సంచుల పనిలో సగభాగమే అని నేను అనుకుంటాను.

నేను వాడినవి మూడు రకాలు. మామూలు ప్లాస్టిక్ సంచులు చౌక, గట్టివి, ముడి వేయడానికి వీలైనవి. 15 మైక్రాన్ల కన్నా పలచనివి కొన్నప్పుడు మాత్రం రెండుసార్లు వేలు దూసుకుపోయింది. సంచి చిరుగుతుందేమోనన్న భయం ఉన్నప్పుడు మనిషి ఎత్తకుండా వదిలేయడానికి సాకు వెతుక్కుంటాడు. కాబట్టి మందం నాకు ముఖ్యమైన గుణమే. రెండో రకం "దానంతట అదే కుళ్లిపోతుంది" అని రాసి ఉన్నవి. ఈ మాటను నమ్మి చాలాకాలం నేను మనశ్శాంతిగా ఉన్నాను. అసలు సంగతి వేరు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2015లో ఇలాంటి కుక్కమలపు సంచులు తయారుచేసే, అమ్మే 20 సంస్థలకు ఆ ప్రకటనలు జనాన్ని తప్పుదోవ పట్టించవచ్చని హెచ్చరిక లేఖలు పంపింది. కారణం సులభంగానే అర్థమవుతుంది. ఈ సంచులు చివరికి చేరేది చెత్తగుట్టల అడుగుకు. అక్కడ గాలి ఆడదు కాబట్టి అవి అట్టపెట్టె మీద చెప్పినట్టు త్వరగా విచ్ఛిన్నం కావు. మామూలు ప్లాస్టిక్‌లో రసాయనం కలిపి త్వరగా ముక్కలయ్యేలా చేసిన రకాన్నయితే ఐరోపా సమాఖ్య 2021లో నిషేధించింది. అది మాయం కాదు, చూపుకు ఆనని ముక్కలుగా మిగులుతుంది.

మూడో రకం, పిండిపదార్థంతోను ఇతర పాలిమర్లతోను చేసిన కంపోస్టు సంచులు. వీటి మీద ఇ.ఎన్. 13432 అనే ఐరోపా ప్రమాణం సంఖ్య ఉంటే ఆ మాటకు ఒక అర్థం ఉంటుంది. పరిశ్రమ స్థాయి కంపోస్టు కేంద్రంలోని వేడిలో 12 వారాల్లో ముక్కలై, ఆరు నెలల్లోపు 90 శాతం కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారాలన్నది ఆ ప్రమాణం. ఇంటి పెరట్లోని కంపోస్టు గుంట అంత వేడెక్కదు, పురుగుల గుడ్లు అందులో చావవు. అందుచేత కుక్కమలాన్ని కూరగాయల మొక్కలకు వేసే ఎరువులో కలపకూడదు. నాణ్యత మాటకొస్తే ఈ సంచులు చేతికి మెత్తగా ఉంటాయి, వాసనను బాగానే ఆపుతాయి, కాని తేమకూ వేడికీ నిలవలేవు. ఒక ఏడాది అలమారలో ఉంచిన చుట్ట విప్పగానే చిరిగిపోయింది. నా తీర్పు ఇదీ: మీ చెత్త కంపోస్టు కేంద్రానికి వెళ్తుందని, అక్కడ కుక్కమలం తీసుకుంటారని రూఢిగా తెలిస్తే మూడో రకం తక్కువ తక్కువగా కొనుక్కోండి. లేకపోతే గట్టి మామూలు సంచి కొని ప్రతిసారీ ఎత్తండి. పొరుగువారికి కావలసింది ఆ ఎత్తడమే. సంచిలో కట్టి చెట్టు మొదట్లోనో గోడ మీదో వదిలేసి "తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటాను" అనుకోవడం అసలు ఎత్తకపోవడం కన్నా హీనం. అప్పుడు మలంతో పాటు ప్లాస్టిక్ కూడా అక్కడే ఉండిపోతుంది. దానికి పరిష్కారంగా పట్టీకి తగిలించుకునే, మూత గట్టిగా పడే చిన్న డబ్బా ఒకటి కొన్నాను. వాసన బయటికి రాదు, చెత్తకుండీ వచ్చేదాకా చేతిలో మోయాల్సిన పని లేదు. నా వస్తువులన్నిటిలో పెద్దగా పేరు లేకపోయినా రోజూ పనికివస్తున్నది అదే.

మూత్రం విషయంలో మనం చాలా తేలికగా ఉంటాం. ఎత్తడానికి ఏమీ ఉండదు కదా అనుకుంటాం. కాని పక్కవారి గుమ్మం, నిలిపి ఉన్న బండి చక్రం, లిఫ్టు మూల, కుండీలోని మొక్క, వీటి వాసన ఎవరు భరించాలి? నేను నడకకు వెళ్లేటప్పుడు ఒక నీళ్ల సీసా పట్టుకెళ్తాను. వెంటనే నీళ్లు పోస్తే మూత్రంలోని ఉప్పు, నత్రజని పలచబడి మొక్క మాడదు, వాసనా తగ్గుతుంది. ఇంటి లోపల, మెట్ల మీద జరిగితే, వాసనకు మూలమైన పదార్థాలను విడగొట్టే ఎంజైమ్ ద్రావణం వాడాను. ఇది నిజంగా పనిచేస్తుంది, అయితే తుడిచి పారేస్తే కాదు. సీసా మీద చెప్పినంత సేపు తడిగా ఉండనివ్వాలి. అంతకుముందు అక్కడ ఫినాయిలో బ్లీచో పోసి ఉంటే ఎంజైములు పాడైపోతాయి. బ్లీచ్ గురించి ఒక హెచ్చరిక: మూత్రంలోని అమ్మోనియాతో అది కలిస్తే ఊపిరికి హాని చేసే క్లోరమైన్ వాయువులు పుడతాయి. మూసి ఉన్న లిఫ్టులో ఆ పని అస్సలు చేయకండి. వాసన పూర్తిగా పోకపోతే కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది కాబట్టి, శుభ్రం చేయడమే మరోసారి జరగకుండా ఆపడం కూడా.

నేను ఎక్కువ తప్పులు చేసింది, ఎక్కువ డబ్బు వృథా చేసింది మొరుగుడు దగ్గర. నేను ఇంట్లో లేనప్పుడు మల్లి మొరుగుతుందని నాకు ఏడాది దాకా తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, నేను ఉంటే అది నిశ్శబ్దంగా ఉండేది. ఒకనాడు కింది అంతస్తులోని మామ్మగారు ఎంతో మొహమాటపడుతూ, "అమ్మాయ్, నీ కుక్క మంచిదేనమ్మా, కాని నువ్వు వెళ్లిన దగ్గర్నుంచి పాపం ఏడుస్తూనే ఉంటుంది, నాకూ మధ్యాహ్నం కన్ను మూతపడటం లేదు" అన్నారు. ఆవిడ ఎన్ని నెలలు ఓర్చుకుని ఆ మాట అన్నారో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కుక్క మొరుగుడు చిన్న శబ్దం కాదు. 2012లో ఆస్ట్రేలియాలో ఒక గోల్డెన్ రిట్రీవర్ మొరుగుడు 113.1 డెసిబెల్స్‌గా గిన్నిస్ రికార్డుకెక్కింది. మామూలు కుక్కలు అంత మొరగకపోయినా గోడ ఆ శబ్దాన్ని పూర్తిగా ఆపదు.

ఆ కంగారులో మొదట కొన్నది అతిధ్వని పరికరం. కుక్క మొరగగానే మనకు వినపడని శబ్దం చేసి దాన్ని ఆపుతుందని చెబుతారు. మనిషి చెవి సుమారు 20 వేల హెర్ట్జ్ దాకా వింటుంది, కుక్క చెవి సుమారు 45 వేల దాకా వింటుంది, ఈ పరికరం ఆ మధ్యలోని శబ్దాన్ని వాడుకుంటుంది. మొదటి మూడు రోజులు మల్లి ఆగింది, నాలుగో రోజు నుంచి అలవాటుపడింది. అది అలవాటుపడకపోయినా ఈ పరికరం నాకు సమ్మతం కాదు. ఆ శబ్దం మా కుక్క ఒక్కదాన్నే ఏరుకుని వెళ్లదు. తెరిచి ఉన్న కిటికీలోంచి పక్కింటి కుక్కకు, పిల్లికి కూడా వినపడుతుంది, ఏ తప్పూ చేయని వాటికి కూడా ఆ శిక్ష పడుతుంది. 20 వేలకు దగ్గర్లో పనిచేసే పరికరాల శబ్దం పెద్దలకు వినపడకపోయినా చిన్నపిల్లలకు వినపడే అవకాశం ఉంది. పొరుగువారి ఇబ్బంది తీర్చడానికి పొరుగువారికే ఇంకో ఇబ్బంది పెట్టే వస్తువును ఎలా సిఫారసు చేయగలను? మొరిగినప్పుడల్లా ముక్కు ముందు నిమ్మగడ్డి వాసన చిమ్మే మెడపట్టీ ఇంకొకటి. పక్కన వేరే కుక్క మొరిగినా అది చిమ్ముతుంది, చిమ్మిన వాసన గంటల తరబడి పోదు, తను ఏం చేసినందుకు ఈ శిక్షో కుక్కకు అర్థం కాదు. విద్యుత్ ఘాతమిచ్చే పట్టీలను నేను కొనలేదు, కొనను. వేల్స్ దేశం 2010లోనే వాటిని నిషేధించింది.

చివరికి దారి చూపినది శిక్షించే పరికరం కాదు, ధ్వనిని కూడా రికార్డు చేసే ఒక చిన్న కెమెరా. నేను తలుపు వేసిన నాలుగో నిమిషానికి మొదలై, తలుపు దగ్గర నిలబడి, ముందు మూలుగు, తరవాత మొరుగుడు, తరవాత ఊళ. ఒంటరిగా ఉండలేక కలిగే ఆందోళన సాధారణంగా మనం వెళ్లిన మొదటి అరగంటలోనే బయటపడుతుంది. అది పొగరు కాదు, భయం. భయపడే జీవిని శిక్షిస్తే భయం పెరుగుతుంది గాని తగ్గదు. అక్కడి నుంచి మార్గం మారింది. పశువైద్యుడి సలహాతో, తలుపు దాకా వెళ్లి రావడం, పది సెకన్లు బయట ఉండి రావడం, ఒక నిమిషం, ఐదు నిమిషాలు, ఇలా అది భయపడని మేరకు మాత్రమే పెంచుకుంటూ పోయాను. ఆ నెలల్లో దాన్ని ఎక్కువసేపు ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లం వంతులు వేసుకున్నాం. ఐదు నెలలు పట్టింది. మామ్మగారికి నేను చెప్పిన గడువు రెండు నెలలు. మిగిలిన మూడు నెలలూ నేనే వెళ్లి ప్రతివారం ఎంతవరకు వచ్చిందో ఆవిడకు చెబుతూ వచ్చాను. శబ్దం తగ్గకముందే ఆవిడ కోపం తగ్గింది. కెమెరాను నేను ఎందుకు మెచ్చుకుంటున్నానంటే, అది నా ఊహకు బదులు పక్కవారి అనుభవాన్ని నాకు వినిపించింది. కుక్కను ఒంటరిగా వదిలివెళ్లే ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా పాత ఫోనుతోనైనా సరే రికార్డు చేసి వినాలి.

కిటికీలోంచి దారిన పోయేవారిని చూసి మొరిగే అలవాటుకు వేరే మందు ఉంది, చాలా చవకైనది: కిటికీ అద్దం కింది సగానికి అంటించే పాలరంగు పొర. వెలుతురు వస్తుంది, మనుషులు కనిపించరు. అంటించిన రోజు నుంచే మొరుగుడు సగానికి తగ్గింది. నీళ్లు చల్లి అంటించేటప్పుడు బుడగలు రాకుండా చూసుకోవడం తప్ప దీనిలో నాకు ఏ లోపమూ కనిపించలేదు. అలాగే మల్లి పడుకునే చోట, తిరిగే దారిలో మందపాటి రబ్బరు చాప వేశాను. రాత్రివేళ దాని గోళ్ల టకటక, ఒక్కసారిగా ధబ్బున పడుకునే చప్పుడు కింది ఇంటికి ఎంతగా వినిపిస్తాయో పై అంతస్తులో ఉండే మనకు తట్టదు. గోళ్లు సరిగ్గా కత్తిరించి ఉంచడం దానికి తోడు.

చిక్కం గురించి రాయడానికి నేను కొంత వెనకాడాను. చిక్కం వేసిన కుక్కను చూస్తే అది కరిచే కుక్క అని జనం అనుకుంటారని, మనల్ని వేలెత్తి చూపుతారని పెంచేవారికి భయం. నాకూ ఉండేది. కాని మల్లి పశువైద్యశాలలో నొప్పితో ఒకసారి పళ్లు చూపించింది, రద్దీగా ఉన్న లిఫ్టులో ఒకసారి గుర్రుమంది. "మొరిగే కుక్క కరవదు" అన్న సామెతను నమ్ముకుని ఇంకొకరి చేతిని పందెం కాయడం నాకు తగదనిపించింది. ఎంత సాధువైన కుక్కయినా నొప్పి, భయం, ఇరుకు కలిసినప్పుడు కరవగలదు. కొనేటప్పుడు తేడా తెలుసుకోవాలి. మూతికి బిగించి చుట్టే గుడ్డ చిక్కం కుక్క నోరు తెరవనివ్వదు. కుక్కలు ఒంటి వేడిని ముఖ్యంగా నాలుక చాపి రొప్పడం ద్వారానే తగ్గించుకుంటాయి కాబట్టి, నడకలో గుడ్డ చిక్కం వేస్తే వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అది వైద్యుడి దగ్గర ఒకటి రెండు నిమిషాల పనికే. బుట్ట అల్లికలా ఉండేది వేరు. అందులో కుక్క రొప్పగలదు, నీళ్లు తాగగలదు, మనం ఇచ్చే చిన్న ముక్కను అందుకోగలదు. నేను సిలికాన్ రకం వాడాను. ముక్కు చివరికీ బుట్టకీ మధ్య ఒక వేలెడు ఖాళీ ఉండేలా కొలత తీసుకోవాలి. మొదటిసారి కొలత తప్పి ముక్కు పైభాగం ఒరుసుకుపోయింది, మార్చుకోవలసి వచ్చింది. మూడు వారాల పాటు బుట్టలో తినుబండారం పెట్టి అదే తన మూతి దూర్చేలా అలవాటు చేసిన తరవాత గాని కట్టు బిగించలేదు. ఇప్పుడు చిక్కం చేతిలోకి తీసుకుంటే మల్లి తోక ఊపుకుంటూ దగ్గరికి వస్తుంది. లిఫ్టులో నలుగురు ఉంటే మేము ఎక్కం, తరవాతి దానికి ఆగుతాం. ఆగే వీలు లేనప్పుడు చిక్కం. భయం ఉన్నవారు దాన్ని చూసి ఊపిరి పీల్చుకోవడం నేను చాలాసార్లు గమనించాను.

రేబిస్ టీకా వస్తువు కాకపోయినా ఇక్కడ చెప్పక తప్పదు. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లక్షణాలు బయటపడ్డాక ఆ వ్యాధి దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. టీకా కార్డు ఫొటోను నేను ఫోనులో ఉంచుకుంటాను. ఎవరికైనా మన కుక్క గోరు గీసుకున్నా, పన్ను తగిలినా ఆ క్షణంలో వాదన పెట్టుకోకుండా ఆ కార్డు చూపించి, గాయాన్ని సబ్బుతో పావుగంట సేపు పారే నీటిలో కడిగించి, వైద్యుడి దగ్గరికి మనమే తీసుకెళ్లాలి. కుక్కకు టీకా వేయించాం కాబట్టి ఆ మనిషికి వైద్యం అక్కర్లేదని నిర్ణయించే అధికారం మనకు లేదు.

మిగిలినవి చిన్నవి. చీకట్లో వెలిగే దీపపు మెడపట్టీ మంచిది, నల్లకుక్క ఒక్కసారిగా ఎదురైతే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. ఛార్జి నాలుగు రోజులు వస్తోంది. మెడలో గంట అనవసరం, రాత్రివేళ ఇంకో శబ్దం. పట్టీకి పసుపు రిబ్బను కడితే "దయచేసి దగ్గరికి రావద్దు" అని అర్థమట గాని, తెలిసినవారు తక్కువ కావడం వల్ల నా అనుభవంలో అది పనిచేయలేదు, నోటితో చెప్పడమే నయం. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేయించాను. అందులో 15 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, ప్రత్యేక పరికరంతో చదవాలి, కుక్క ఎక్కడుందో అది చెప్పదు. ఆ సంఖ్య పక్కన మన కొత్త ఫోను నంబరు నమోదై ఉంటేనే దానికి విలువ.

అందుకని మెడలో వేలాడే ఇత్తడి బిళ్ల కూడా ఉండాలి. తప్పిపోయిన కుక్క ఎవరి గుమ్మం ముందుకు చేరితే ఆ ఇంటివారు ఏ పరికరమూ లేకుండా చదివి ఫోను చేయగలిగేది దాన్నే. మల్లి పేరు కన్నా పెద్ద అక్షరాలతో ఫోను నంబరు చెక్కించాను. మూడేళ్ల ఒరిపిడికి చివరి రెండు అంకెలు అరిగిపోయాయి. నిన్న సాయంత్రం మెట్ల మీద ఆ పిల్లవాడే, ఇప్పుడు తొమ్మిదేళ్లవాడు, నా అనుమతి అడిగి, మల్లి కూర్చున్నాక దాని బిళ్ల చేతిలోకి తీసుకుని చూసి, "ఆంటీ, ఇది మూడా, ఎనిమిదా?" అని అడిగాడు. కొత్త బిళ్లకు ఈ ఉదయమే పురమాయించాను. ఈసారి అక్షరాలు ఇంకాస్త లోతుగా చెక్కమన్నాను.